పిండినల్లికి పగవాడు: ఆఫ్రికా పంటలను కాచిన చిన్న కందిరీగలు

గ్రామ పంచాయతీ సభ్యులకు రిజిస్టరు విలువను గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. పుట్టిన బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ సరిగా నమోదు కాకపోయినచో, ఆ బిడ్డ బడిలో చేరినది మొదలు ఆస్తి పంచుకొను వరకు చిక్కులు తప్పవు. భూమి విషయమును అట్టిదే. సర్వే నెంబరులో ఒక్క అంకె తారుమారైనచో ఒకరి పొలము మరియొకరి పేర చేరుటయు, ఉభయులును కోర్టుల చుట్టు తిరుగుటయు మనము చూచుచున్నదే.

పైరు మీది పురుగులకును ఇట్టి రిజిస్టరు ఒకటి కలదు. అందులో పేరు తప్పుగా పడినచో ఒక దేశము పది పండ్రెండు సంవత్సరముల కాలమును, ఎంతయో పంటను పోగొట్టుకొనవలసి వచ్చునని చెప్పినచో కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇది జరిగిన సంగతియే. ఆఫ్రికా ఖండములో ఒకసారి కాఫీ తోటల విషయమున, మరియొకసారి కర్రపెండలము విషయమున ఇట్లే జరిగినది. రెండుసార్లును పైరును కాపాడినది ఆవగింజంతైనను లేని ఒక కందిరీగ. రెండుసార్లును ఆ కందిరీగ యున్న చోటికి దారి చూపినది, పైరును తినుచున్న పురుగు యొక్క సరియైన పేరు. ఆ వృత్తాంతమును, అందు మన గ్రామములకు గల పాఠమును ఈ వ్యాసమున వివరింపగోరుచున్నాము.

పిండినల్లి, దాని శత్రువు

పిండినల్లి మన రైతులు ఎరిగిన పురుగే. మందార, జామ, బొప్పాయి, సీతాఫలము, ప్రత్తి మొదలగు వాని లేత కొమ్మలపై పిండి చల్లినట్లు తెల్లగా కనబడును. ఆ తెలుపు పురుగు దేహమునుండి ఊరిన మైనము. ఆ మైనపు పూత క్రింద మెత్తని చిన్న పురుగు కదలక మెదలక కూర్చుండి చెట్టు రసమును పీల్చుచుండును. తనకు మిక్కిలియైన తీపి రసమును అది వెలికి విడుచును. ఆ తీపికొరకు చీమలు చేరును. తీపి పడిన ఆకులమీద మసివంటి బూజు పెరుగును. మైనపు పూత యుండుటచేత చల్లిన మందునీరు పురుగునకు సరిగా తగులక జారిపోవును. అందుచేతనే ఒక్క మందును నమ్ముకొని పిండినల్లిని అదుపులో నుంచుట కష్టము.

అయితే ప్రకృతిలో ప్రతి పురుగునకును ఒక పగవాడు కలడు. పిండినల్లికి పగవారైన జీవులలో మిక్కిలి ముఖ్యమైనవి కొన్ని చిన్న కందిరీగలు. కందిరీగ అనగానే చూరున గూడు కట్టి మనుష్యులను కుట్టు ఎర్రని కందిరీగ మనకు జ్ఞాపకము వచ్చును. మేము చెప్పుచున్నవి అవి కావు. ఇవి మిల్లీమీటరు మొదలు రెండు మిల్లీమీటర్ల వరకు మాత్రమే పొడవుండును. మనుష్యులను గాని, పశువులను గాని కుట్టవు.

ఆడ కందిరీగ పిండినల్లిని తన మీసములతో తడిమి చూచి, తనకు తగినదని తోచినచో దాని దేహములో ఒక గ్రుడ్డును పెట్టును. గ్రుడ్డు పొదిగి పిల్లపురుగు బయలుదేరి, పిండినల్లిని లోపలినుండియే తిని పెరుగును. కొలది దినములకు పిండినల్లి ఉబ్బి, గట్టిపడి, గోధుమవన్నె గుల్లగా మారును. ఇట్టి గుల్లను శాస్త్రజ్ఞులు ‘మమ్మీ’ యందురు. రెండు మూడు వారములలో ఆ గుల్లకు గుండ్రని రంధ్రము చేసికొని క్రొత్త కందిరీగ వెలికి వచ్చును. చెట్టుమీద మొలచు బదనిక చెట్టు రసమును త్రాగి బ్రదుకునట్లు, ఈ కందిరీగ పిల్లయు వేరొక ప్రాణిపై బ్రదుకును గనుక వీనిని బదనిక కందిరీగలని పిలువవచ్చును. కాని ఒక భేదము కలదు. చెట్టు బదనిక సాధారణముగా చెట్టును చంపక బ్రదుకును. కందిరీగ పిల్ల తనను పోషించిన పురుగును చంపియే బయటికి వచ్చును. రైతునకు మేలు కలుగునది ఇందువలననే.

పురుగునకు చిరునామా

ఒక వ్యక్తికి జాబు వ్రాయవలెనన్నచో రాష్ట్రము, జిల్లా, మండలము, గ్రామము, ఇంటి పేరు, వ్యక్తి పేరు వరుసగా వ్రాయుదుము. జీవశాస్త్రజ్ఞులు పురుగుల విషయమున చేయునదియు ఇదియే. చీమలు, తేనెటీగలు, కందిరీగలు అన్నియు పొరవంటి రెక్కలు గల ‘హైమెనాప్టెరా’ అను ఒకే వర్గములోనివి. ఆ వర్గములో ‘ఎన్‌సిర్టిడే’ అనునది ఒక కుటుంబము. ప్రపంచమంతట ఈ కుటుంబమున మూడువేల అయిదువందలకు పైగా జాతులు నమోదైనవి. ఆ కుటుంబములోని ఒక ప్రజాతి ‘అనగైరస్’. దీనికి అమెరికా దేశపు కీటక శాస్త్రజ్ఞుడు ఎల్. ఓ. హోవర్డ్ 1896లో ఈ నామకరణము చేసెను. ఈ ప్రజాతిలో రెండువందలకు మించిన జాతులు గలవు. వీనిలో చాలభాగము పిండినల్లుల మీదనే బ్రదుకును. మేము చెప్పబోవు రెండు కథలలోను నాయకపాత్ర ఈ ప్రజాతిదే.

ఇంత చిన్న ప్రాణిని గుర్తుపట్టుట యెట్లు? దీనికి కొన్ని ఆనవాళ్లు గలవు. ఈ కుటుంబపు కందిరీగకు ఇతర కందిరీగల వలె నడుము సన్నగా నుండదు. రొమ్ము ప్రక్కభాగమున విశాలమైన ఉబ్బెత్తు పలక యొకటి యుండును. నడిమి కాళ్ల జత బలమైనదై, దానికొక మొద్దు ముల్లు అమరి యుండును. దాని సహాయముననే ఇవి చటుక్కున ఎగిరి దుముకును. ఇక అనగైరస్ ప్రజాతి విషయమునకు వచ్చినచో, ఆడుదాని మీసములోని మొదటి పొడవైన కణుపు ఆకువలె వెడల్పుగా, బల్లపరుపుగా నుండును. సాధారణముగా దానిపై నలుపు తెలుపు చారలు కనబడును. మగదాని మీసము ఇందుకు పూర్తిగా భిన్నమై, పొడవైన వెండ్రుకలతో నుండును. ఒకే జాతిలోని ఆడు మగలే వేరు వేరు జాతులవలె తోచుటచేత, మగవానిని మాత్రమే చూచి పేరు చెప్పుట అనుభవజ్ఞులకును కష్టము.

పరిశోధనశాలలో ఈ పురుగును చిన్న అట్టముక్కకు అంటించియో, గాజుపలకపై పరచియో సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. అప్పుడు వారి చేతిలో ‘గుర్తింపు పట్టిక’ యొకటి యుండును. ఆ పట్టికలో ప్రతి మెట్టునను రెండేసి ప్రశ్నలుండును. ‘మీసపు మొదటి కణుపు వెడల్పుగా నున్నదా? సన్నగా నున్నదా?’ వెడల్పుగా నున్నచో ఒక మెట్టునకు, సన్నగా నున్నచో మరియొక మెట్టునకు పోవలెను. ఇట్లు మెట్టుమెట్టుగా దిగి చివరకు ఒక పేరున ఆగుదురు. సహారా ఎడారికి దక్షిణముననున్న ఆఫ్రికాలోని ఈ కుటుంబపు ప్రజాతులన్నిటిని గుర్తించుటకు దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు ప్రిన్స్‌లూ, అన్నెకె అనువారు 1979లో ఇట్టి పట్టికను ప్రకటించిరి.

పేరు విషయమున సందేహము మిగిలినచో తీర్చుటకు మరియొక ఆధారము గలదు. ఒక క్రొత్త జాతికి పేరు పెట్టినవాడు, తాను పరీక్షించిన పురుగును ఒక మ్యూజియమున భద్రపరచును. దానిని ‘మూల నమూనా’ యందురు. భూమి తగాదాలో రిజిస్ట్రారు కచేరీలోని అసలు దస్తావేజును తీసి చూచినట్లు, శాస్త్రజ్ఞులు మూల నమూనాను తీసి పోల్చి చూతురు. ఈ కాలమున జన్యుపదార్థమును పోల్చి చూచు పద్ధతియు తోడైనది. మధ్యధరా సముద్ర తీరములలోని అనగైరస్ కందిరీగలలో ఒకే జాతియని చాలకాలము తలచినది నిజమునకు రెండు జాతులని ఈ రీతిగనే తేలినది. ఆ రెంటిలో ఆడువారి మీసమునందలి ఒక చిన్న కణుపు, ఒక జాతిలో సగము నలుపు సగము తెలుపు, రెండవదానిలో పూర్తిగా నలుపు. కంటికి కనబడు భేదము అంతమాత్రమే.

ఇంత సూక్ష్మమైన భేదములకు రైతు జీవితముతో సంబంధమేమి యని సభ్యులు ప్రశ్నింపవచ్చును. ఆ సంబంధమును ఈ క్రింది రెండు ఉదాహరణములు తెలుపును.

కెన్యా కాఫీ తోటలలో తప్పిన పేరు

తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశములో, నైరోబీ నగరమునకు సమీపమున నున్న థికా ప్రాంతములో 1923లో కాఫీ చెట్లపై పిండినల్లి విపరీతముగా కనబడెను. కొలది సంవత్సరములలోనే అది ఎత్తు ప్రదేశములలోని తోటలకు వ్యాపించెను. దొరల కాఫీ తోటలనే గాక, కికుయూ రైతులు తిండికై పెంచుకొను కంది, పెండలము వంటి పైరులను గూడ అది పట్టుకొనెను. చీమలు ఆ పిండినల్లులను కాపాడుచుండెను. చీమలు ఎక్కకుండ చెట్టు మొదలు చుట్టు జిగురు పట్టీలు వేయుట ఒక్కటే కొంత ఉపశమనము కలిగించెను. కాని ప్రతి చెట్టునకు పట్టీ వేసి, మరల మరల జిగురు పూయుట ఎంత శ్రమ, ఎంత వ్యయమో ఊహింపవచ్చును.

పగవానిని తెచ్చి పురుగును అణచవలెనని శాస్త్రజ్ఞులు తలచిరి. అందుకు పురుగు యొక్క స్వస్థలమును తెలియవలెను. స్వస్థలము తెలియుటకు పేరు తెలియవలెను. ఇక్కడనే పొరపాటు జరిగినది. ఆ పురుగును మొదట నిమ్మజాతి చెట్లను పట్టు పిండినల్లి యనిరి. తరువాత ఆసియా ఖండమున నుండు ‘లిలాసినస్’ అను మరియొక జాతి యనిరి. ఆ పేరును నమ్మి ఫిలిప్పీన్సు మొదలగు ఆసియా దేశములలో వెదకి, అక్కడి కందిరీగలను ఎంతో జాగ్రత్తతో కెన్యాకు తెచ్చిరి. కాని అవి ఒక్కటియు కెన్యా పిండినల్లిపై నిలువలేదు. ఇందులో ఆశ్చర్యము లేదు. ఈ కందిరీగలలో అనేకము తమకు అలవాటైన జాతి పురుగునే ఎన్నుకొనును. పరజాతి పురుగులో గ్రుడ్డు పెట్టినను, ఆ పురుగు రక్తములోని కణములు గ్రుడ్డు చుట్టు గోడవలె కట్టి దానిని ఊపిరాడకుండ చేసి చంపును.

చివరకు 1935లో లె పెల్లీ అను కీటక శాస్త్రజ్ఞుడు ఆ పురుగును మిక్కిలి సూక్ష్మముగా పరీక్షించి, అది నిమ్మ పిండినల్లియు కాదు, ఆసియా పిండినల్లియు కాదు, శాస్త్రమునకు తెలియని క్రొత్త జాతి యని నిర్ణయించి, దానికి కెన్యా పేరనే ‘కెన్యే’ అని నామకరణము చేసెను. పురుగు కనబడిన 12 సంవత్సరములకు దాని అసలు పేరు రిజిస్టరున చేరినది. పేరు తేలిన తరువాత స్వస్థలము దొరకుట ఆలస్యము కాలేదు. సముద్రములు దాటి వెదకిన పురుగు పొరుగుననే యున్న ఉగాండా, టాంగన్యీకా దేశములలో కనబడెను. అక్కడ అది పైరునకు చెప్పుకోదగిన హాని చేయుటలేదు. ఏలయన, అక్కడ దాని పగవారు దానితోనే యున్నారు. 1938లో ఉగాండానుండి ఆ కందిరీగలను కెన్యాకు తెచ్చి, పెంచి, తోటలలో విడిచిపెట్టిరి. వానిలో మిక్కిలి పనిచేసినది మన అనగైరస్ ప్రజాతికి చెందిన యొక కందిరీగయే. ఆ తరువాతి పది సంవత్సరములలో పిండినల్లి పెద్ద తెగులుగా లెక్కింపదగినది కాకుండ పోయెను. ఈ పనికంతకు అయిన వ్యయము 30,000 పౌనులకు మించలేదనియు, నిలిచిన పంట విలువ 1 కోటి పౌనులనియు 1950వ దశాబ్దమున లెక్క వేసిరి.

కర్రపెండలమునకు వచ్చిన కష్టము

రెండవ కథ ఇంతకంటె పెద్దది. కర్రపెండలము దక్షిణ అమెరికా పైరు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని ఆఫ్రికాకు తెచ్చిరి. వానలు తప్పినను, నేల సారము తక్కువైనను పండు దుంప గనుక అది బీదవాని తిండియైనది. దాదాపు 20 కోట్లమంది ఆఫ్రికా ప్రజలకు అది ముఖ్యాహారము. కాంగో నదీ ప్రాంతమున దాని లేత ఆకులను గూడ కూరగా వండుకొందురు.

1970వ దశాబ్దపు తొలి సంవత్సరములలో, కాంగో నదికి ఇరువైపుల నున్న కిన్షాసా, బ్రాజవిల్ నగరముల పరిసరములలో కర్రపెండలముపై ఒక పిండినల్లి కనబడెను. అది పట్టిన మొక్క కొనలు ముడుచుకొని గుత్తివలె నగును. కణుపుల నడుమ ఎడము తగ్గి మొక్క గిడసబారును. ఆకులు రాలి మోడైన కాండము మాత్రము నిలుచును. కొన్ని చోట్ల దుంప దిగుబడి నూటికి 80 వంతుల వరకు పడిపోయెను. రైతులు ఒకరినుండి యొకరు తెచ్చుకొను నాటు కర్రలతో పాటు పురుగును ఊరినుండి ఊరికి, దేశమునుండి దేశమునకు ప్రయాణము చేసెను. పదునైదు సంవత్సరములు తిరుగకమునుపే ఖండములో కర్రపెండలము పండు ప్రదేశములలో చాలభాగమును అది ఆక్రమించెను.

ఈ పురుగును పారిస్ నగరపు శాస్త్రజ్ఞురాలు దనియెల్ మాతిల్-ఫెరెరో 1977లో క్రొత్త జాతిగా వర్ణించి ‘ఫెనకోకస్ మానిహోటి’ అని పేరు పెట్టెను. పైరు అమెరికాది గనుక పురుగును అచ్చటిదే కావలెనని తలచి, మధ్య అమెరికాలోను, దక్షిణ అమెరికా ఉత్తర దేశములలోను వెదకిరి. కర్రపెండలముపై అచ్చముగా ఇట్టి పిండినల్లియే కనబడెను. దాని మీది కందిరీగలను పట్టి పంపిరి. అవి ఆఫ్రికా పిండినల్లిపై వృద్ధి చెందలేదు. కెన్యాలో జరిగినదే మరల జరిగినది.

అనుభవజ్ఞులు రెండు పురుగులను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా భేదము తేలెను. ఆఫ్రికా పురుగులో మగవి లేవు. ఆడువే మగతోడు లేకుండ సంతానమును కనును. అమెరికాలో పట్టినదానిలో ఆడువియు, మగవియు రెండును గలవు. అది వేరు జాతియని 1981లో నిర్ణయమై దానికి ‘హెరెని’ అని పేరు పెట్టిరి. అంతట వెదకులాటను దక్షిణముగా సాగించిరి. అదే సంవత్సరము బెల్లొట్టి అను శాస్త్రజ్ఞుడు పరాగ్వే దేశములో అసలు మానిహోటిని కనుగొనెను. దానితోపాటు దాని పగవాడును అక్కడనే దొరకెను.

ఆ పగవాడు నల్లని చిన్న అనగైరస్ కందిరీగ. జాతి పేరు ‘లోపెజి’. దానిని వెంటనే ఆఫ్రికాలో విడువలేదు. మొదట లండనులోని నిర్బంధ కేంద్రమున నుంచి, దానితో మరియే పురుగు గాని, రోగము గాని రాలేదని రూఢి చేసికొని, తరువాత నైజీరియా దేశపు ఇబాడాన్ నగరములోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థకు పంపిరి. 1981 సంవత్సరాంతమున ఆ దేశపు నైరృతి భాగమున మొదటిసారి పొలములలో విడిచిరి. కందిరీగలు తమంతట తామే వ్యాపింపసాగినవి. దూరపు ప్రాంతములకు విమానములలో కొనిపోయి విడిచినదియు గలదు. ఇరువదికి పైగా దేశములలో అవి స్థిరపడినవి.

ఇది నిజముగా కందిరీగ చేసిన మేలేనా, లేక వానల మార్పు వలన కలిగినదా యని సందేహము రాక మానదు. శాస్త్రజ్ఞులు ఆ సందేహమును గూడ తీర్చిరి. కొన్ని మొక్కల కొనలకు సన్నని గుడ్డతొడుగులు తొడిగి కందిరీగ చొరకుండ మూసివేసిరి. కొన్నిటికి తొడుగులు తొడిగియు మూతి తెరచి యుంచిరి. మూసిన తొడుగులలో పిండినల్లి అనేక రెట్లు పెరిగెను. తెరచిన వానిలో తగ్గెను. ఒకే పొలము, ఒకే వాన, భేదము కందిరీగ ఒక్కటే. ఈ పథకమున పెట్టిన ప్రతి రూపాయికి 149 రూపాయల వంతున ఫలితము వచ్చినట్లు 1988లో ఒక ఆర్థిక శాస్త్రజ్ఞుడు లెక్క కట్టెను. పథకమునకు నాయకత్వము వహించిన స్విట్జర్లాండు దేశీయుడు హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి లభించెను.

అయితే ఒక సంగతి దాచరాదు. కందిరీగ అన్ని పొలములలోను ఒకే రీతిగా పనిచేయలేదు. బొత్తిగా సారము లేని ఇసుక నేలలలో ఫలితము తక్కువగా నుండెను. కారణము విచిత్రమైనది. చిక్కిన మొక్కపై పిండినల్లియు చిన్నదిగా నుండును. తల్లి కందిరీగ చిన్న పురుగులో మగ గ్రుడ్డును, పెద్ద పురుగులో ఆడ గ్రుడ్డును పెట్టును. పురుగులు చిన్నవైనచో మగ కందిరీగలే ఎక్కువగా పుట్టి, గ్రుడ్లు పెట్టునవి తగ్గును. అట్టి నేలలలో ఆకు చెత్త పరచి, ఎరువు వేసి, నేలను బాగుచేసిన చోట్ల కందిరీగయు బాగుగా పనిచేసినది. మిత్రుడు వచ్చినను మన సేద్యము మనము మానరాదని ఇందు వలన తెలియుచున్నది.

ఒక కందిరీగకు మూడు పేర్లు

పగవాని పేరు ఎట్లు ముఖ్యమో, మిత్రుని పేరును అట్లే ముఖ్యము. ఈ లోపెజి కందిరీగను అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు లూయిస్ దె శాంతిస్ 1964లో మొదట వర్ణించి ‘అపోఅనగైరస్’ ప్రజాతిలో చేర్చెను. అప్పటికి ఆఫ్రికాలో పిండినల్లి లేదు. తనకు దొరకిన చిన్న పురుగు ఒకనాడు కోట్లమందికి తిండి నిలుపునని ఆయన ఎరుగడు. 1980వ దశాబ్దపు గ్రంథములలో అదియే ‘ఎపిడినోకార్సిస్’ అను ప్రజాతి పేరుతో కనబడును. ఆనవాళ్లను మరల పోల్చి చూచిన పిమ్మట నేడు ‘అనగైరస్’ ప్రజాతిలో చేర్చియున్నారు. ఇంటి పేరు మారినను ‘లోపెజి’ అను స్వంత పేరు మారలేదు. పాత పుస్తకమును, క్రొత్త పుస్తకమును చదువువారు ఇవి మూడు కందిరీగలని భ్రమపడరాదు.

మరియొక మెలకువ కూడ అవసరము. ఎండిన పిండినల్లి గుల్లనుండి వచ్చు ప్రతి కందిరీగయు మన మిత్రుడు కాదు. ఆఫ్రికాలో స్థానికముగా నుండు ‘ప్రోకైలోన్యూరస్’, ‘కార్టోసెరస్’ అను ప్రజాతుల కందిరీగలు కొన్ని, లోపెజి పిల్ల మీదనే బ్రదుకును. మొదటిదానికి కుటుంబము గూడ అనగైరస్ కుటుంబమే. ఇవి మిత్రునికి శత్రువులు. గుల్లలను పట్టుకొనిపోయి వేరొక చోట విడుచువారు వీనిని గుర్తుపట్టలేకపోయినచో, మిత్రుని బదులు మిత్రుని శత్రువును పెంచినవారగుదురు. విదేశమునుండి తెచ్చిన కందిరీగలను నిర్బంధ కేంద్రమున ఉంచి పరీక్షించుటకు ముఖ్య కారణములలో ఇది యొకటి.

మన దేశమునకు వచ్చిన వేళ

ఆఫ్రికాలో అణగిన పిండినల్లి ఆసియాకు రాకపోలేదు. 2008లో థాయిలాండులో కనబడెను. అక్కడివారు 2009లో ఆఫ్రికాలోని బెనిన్ దేశమునుండి లోపెజి కందిరీగను తెప్పించి, పెంచి, మరుసటి సంవత్సరము విస్తారముగా విడిచిరి. మన దేశములో ఆ పిండినల్లి 2020లో కేరళ రాష్ట్రములోని త్రిశూరు ప్రాంతమున మొదట గుర్తింపబడెను. తరువాత తమిళనాడులోని కర్రపెండలము పొలములలో తీవ్రముగా వ్యాపించెను. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక పరిశోధన సంస్థ 2021లో బెనిన్ దేశమునుండియే కందిరీగను తెప్పించి, పరీక్షించి, పెంచెను. 2022 మార్చి నెలలో సేలం జిల్లాలో దానిని మొదటగా పొలములలో విడిచిరి.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. కెన్యాలో పేరు తేలుటకే 12 సంవత్సరములు పట్టినది. మన దేశములో పురుగు కనబడినది మొదలు కందిరీగ పొలము చేరుటకు పట్టినది రెండు సంవత్సరములు. ఈ భేదమునకు కారణము, ఆఫ్రికాలో శ్రమపడి తేల్చిన పేర్లు రిజిస్టరులో సిద్ధముగా నుండుటయే.

మన రాష్ట్రమునకును ఈ పైరులకును సంబంధము గలదు. పెద్దాపురము, సామర్లకోట ప్రాంతముల సగ్గుబియ్యపు మిల్లులు కర్రపెండలముపై ఆధారపడి యున్నవి. అరకు, పాడేరు కొండలలో గిరిజన సోదరులు కాఫీని పండించుచున్నారు. నాటు కర్రలు జిల్లాలు దాటి ప్రయాణము చేయుచునే యున్నవి. కావున పురుగును ముందుగా చూచి, సరిగా గుర్తింపజేయు బాధ్యత గ్రామమునుండియే ఆరంభము కావలెను.

పంచాయతీ చేయదగిన పనులు

పంచాయతీ సభ్యులు సూక్ష్మదర్శిని పట్టవలసిన పని లేదు. వారు చేయగలవి, చేయవలసినవి కొన్ని గలవు.

మొదటిది. పైరుమీద ఎన్నడును చూడని పిండినల్లి కనబడినచో, లేక కర్రపెండలపు కొనలు గుత్తివలె ముడుచుకొనినచో, దానిని పాత పురుగే యని కొట్టివేయక మండల వ్యవసాయాధికారికి గాని, ఉద్యానాధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని వెంటనే తెలుపవలెను.

రెండవది. నమూనాను సరిగా పంపవలెను. పురుగులున్న లేత కొనను కత్తిరించి, పురుగులు రాలకుండ కాగితపు సంచిలో మూసి ఉంచవలెను. గోధుమవన్నె గుల్లలు దొరకినచో వానిని చిన్న సీసాలో వేసి మూతికి పలుచని గుడ్డ కట్టవలెను. కొలది దినములలో లోపలి కందిరీగలు బయటికి వచ్చును. ప్రతి నమూనాతోను గ్రామము, పైరు, తేదీ, రైతు పేరు పెన్సిలుతో వ్రాసిన చీటీ నుంచవలెను. చీటీ లేని నమూనా, సర్వే నెంబరు లేని దస్తావేజు ఒక్కటే.

మూడవది. పేరు తెలియకముందే బలమైన మందును పొలమంతట చల్లింపరాదు. మైనపు పూత క్రింద పిండినల్లి కొంత బ్రదుకవచ్చును గాని, ఏ పూతయు లేని కందిరీగ నిశ్చయముగా చచ్చును. అప్పుడు పురుగు మరల పెరిగినచో ఆపువాడుండడు.

నాలుగవది. తెగులు కనబడిన పొలమునుండి నాటు కర్రలను మరియొక గ్రామమునకు పోనీయరాదు. చెట్లపైకి చీమల బారులు ప్రాకుచున్నచో వానిని ఆపు ఉపాయము చేయవలెను. చీమలు కావలి యున్నంతకాలము కందిరీగకు పని కష్టమగును.

అయిదవది. ఎవరైనను కందిరీగల గుల్లలని చెప్పి దూరప్రాంతమునుండి తెచ్చి ఇచ్చినచో, అధికారుల అనుమతి లేకుండ వానిని పొలములో విడువరాదు. లోపలనున్నది మిత్రుడో, మిత్రుని శత్రువో కంటితో చూచి చెప్పలేము.

ఈ పనులకు పంచాయతీకి పెద్ద వ్యయము లేదు. కావలసినది శ్రద్ధ. గ్రామ సభ జరుగు దినమున ఈ సంగతులను రైతు సోదరులకు, ముఖ్యముగా పొలమున కలుపు తీయుచు ప్రతి మొక్కను దగ్గరగా చూచు స్త్రీలకు, తెలుపవలెనని కోరుచున్నాము. పురుగును అందరికంటె ముందుగా చూచు కన్నులు వారివి. ఆ కన్నులు చూచినదానిని పేరు చెప్పగలవారి వద్దకు ఆలస్యము లేకుండ చేర్చు బాధ్యత పంచాయతీ సభ్యులది.